నీళ్లు నీలంగానే ఉన్నాయి, మరి బాబు చెవి ఎందుకు పోటెత్తింది?

హైదరాబాద్ శివారులోని ఒక గేటెడ్ కమ్యూనిటీ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. తన పేరు, కమ్యూనిటీ పేరు రెండూ వద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, కుదించి చెబుతున్నాను.

ఆమె కొడుకు మూడో తరగతి. వేసవి సెలవులకు తమ అపార్ట్‌మెంట్ పూల్లోనే ఈత క్లాసులో చేర్పించారు. రెండో వారం తిరక్కుండానే చెవి పోటు మొదలైంది. దిండు మీద తల ఆనించలేక రాత్రంతా ఏడ్చాడు. ఈఎన్‌టీ డాక్టరు చూసి బయటి చెవిలో ఇన్‌ఫెక్షన్ అని చుక్కల మందు రాశారు, కొన్నాళ్లు నీళ్లలోకి దింపొద్దన్నారు. చెవి సంగతి అలా ఉంచితే, క్లాసు నుంచి వచ్చిన ప్రతిరోజూ కళ్లు చింతనిప్పుల్లా ఉండేవట.

ఒక సాయంత్రం పిల్లల బ్యాచ్ జరుగుతుండగా నీళ్లలో మలం తేలింది. కోచ్ వలతో తీసి పారేసి, "ఏం కాదు, క్లోరిన్ ఉంది" అని ఐదు నిమిషాల్లో క్లాసు మళ్లీ మొదలుపెట్టాడు. ఆ రాత్రి ఈమె వాట్సాప్ గ్రూపులో అడిగారు. ఒకాయన నీలంగా మెరుస్తున్న పూల్ ఫోటో పెట్టి నీళ్లు అద్దంలా ఉన్నాయి కదా అన్నారు. ఇంకొకరు కేరళలో మెదడు తినే అమీబా వార్తను ఫార్వర్డ్ చేశారు. మూడో ఆయన "ముందు ఎవరి పిల్లలో తేల్చండి" అన్నారు. తెల్లారేసరికి అందరి వేలూ ఎదురు ఫ్లాట్లోని మూడేళ్ల పాప వైపు తిరిగింది. ఆ పాప తల్లి ఈమెకు మంచి స్నేహితురాలు. ఇప్పుడు లిఫ్టులో ఎదురైతే తల తిప్పుకుంటోందట.

అసలు చిక్కు ఇంట్లో ఉంది. అసోసియేషన్ సెక్రటరీ ఈమె భర్తే. మెయింటెనెన్స్ పెంచడానికి ఎవరూ ఒప్పుకోకపోవడంతో, పూల్ చూసుకునే పాత కాంట్రాక్టరును తీసేసి తక్కువకు వచ్చినవాళ్లకు ఇచ్చింది ఆయనే. "నా పెళ్లామే నా మీద కంప్లెయింట్ పెట్టిందని నవ్వుతున్నారు" అని ఆయన కోపం. ఆపరేటర్ని పిలిపించి గాజు గొట్టంలో రెండు చుక్కలు వేయించి, పసుపు రంగు రాగానే "చూశావా" అన్నారట. అత్తగారేమో ఈత మాన్పించమంటున్నారు. వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో రెండు చుక్కలు పోస్తే పోయేదానికి డాక్టరెందుకన్నది ఆవిడ వాదన. బాబు మాత్రం ఈత మానేది లేదంటున్నాడు.

"చెవికి కారణం పూలేనా? మాన్పించనా? మా ఆయనతో, ఆ స్నేహితురాలితో ఏం మాట్లాడను?" అని అడిగారు. చివర్లో ఇంకో ముక్క రాశారు. లేడీస్ బ్యాచ్‌లో తనకూ నేర్చుకోవాలని ఉందట, కానీ ఈ గొడవలు, పైగా స్విమ్‌సూట్ మొహమాటం.

అమ్మా, ముందు చెవి సంగతి చూద్దాం. బాబుకు వచ్చినది ఈతగాళ్లకు మామూలుగా వచ్చేదే. చెవి దారిలో నీళ్లు నిలిస్తే లోపలి చర్మం నానుతుంది, నానిన చర్మంలోకి బ్యాక్టీరియా సులువుగా దిగుతుంది. చెవి తమ్మె పట్టుకుని లాగితే నొప్పి ఎక్కువవడం దీని గుర్తు. క్లోరిన్ తగ్గిన పూల్లో ఈ బ్యాక్టీరియా బాగా పెరుగుతుంది, నిజమే. కానీ నీళ్లు శుభ్రంగా ఉన్నా చెవి సరిగ్గా ఆరకపోతే ఇది రావచ్చు. కాబట్టి బాబు చెవిని పూల్ మీద కేసుకు సాక్ష్యంగా వాడకండి. మీవారు "వాడు చెవి తుడుచుకోడు" అంటే మీ దగ్గర జవాబుండదు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కూడా కాదు, ఆ దిగులు వద్దు.

డాక్టరు మళ్లీ చూసి సరేననే దాకా నీళ్లలోకి వద్దు. తర్వాత వెళ్లినప్పుడు, గట్టెక్కగానే తల ఒక పక్కకు వంచి, తమ్మెను అటూ ఇటూ మెల్లగా లాగుతూ నీళ్లు కారనివ్వమనండి. టవల్ అంచుతో పైపైన తుడిస్తే చాలు. ఇంకా తడిగా అనిపిస్తే హెయిర్ డ్రయ్యర్ను బాగా తక్కువ వేడిలో, దూరంగా పట్టి ఆరబెట్టవచ్చు. చెవి పుల్లలు మాత్రం వద్దే వద్దు. గులిమి మురికి కాదు, నీళ్ల నుంచి చెవిని కాపాడే పూత. మనం పుల్లతో దాన్ని గీకేసి, చర్మానికి గాట్లు పెట్టి మరీ పిల్లల్ని పూల్లోకి పంపుతున్నాం.

వెల్లుల్లి నూనె కూడా వద్దు. కర్ణభేరికి చిల్లు ఉందో లేదో ఇంట్లో మనకు కనిపించదు, ఉంటే ఆ నూనె నేరుగా లోపలికి పోతుంది. ఈ మాట మీరు చెబితే అత్తాకోడళ్ల వాదన అవుతుంది. రెండోసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆవిడను వెంట తీసుకెళ్లండి, అడగాల్సింది ఆవిడనే అడగనివ్వండి.

ఇక కళ్లు. ఘాటు వాసన వస్తోందంటే మందు బాగా వేశారని, కళ్లు మండుతున్నాయంటే క్లోరిన్ ఎక్కువైందని చాలామంది అనుకుంటారు. నిజం దాదాపు తలకిందులు. పూల్లోకి చేరిన చెమట, మూత్రం, ఒంటి మురికితో క్లోరిన్ కలిస్తే క్లోరమైన్లు తయారవుతాయి. ముక్కుకు కొట్టే వాసన, కళ్ల మంట, కొందరు పిల్లలకు వచ్చే దగ్గు ఎక్కువగా వీటి పనే. అలా ఖర్చయిపోయిన క్లోరిన్ క్రిముల మీద సరిగ్గా పనిచేయదు. ఒలింపిక్స్‌లో 23 బంగారు పతకాలు గెలిచిన మైకేల్ ఫెల్ప్స్ అంతటివాడే, పూల్లో మూత్రం పోయడం అందరూ చేసేదే, క్లోరిన్ చూసుకుంటుందన్నట్టు 2012లో ఒక ఇంటర్వ్యూలో మాట్లాడాడు. ఈతలో ఆయన మాట వేదం కావచ్చు గానీ, కెమిస్ట్రీలో కాదు.

దీనికి విరుగుడు దిగేముందు ఒక్క నిమిషం ఒళ్లంతా తడిసేలా స్నానం. కాళ్ల మీద నాలుగు చెంబులు గుమ్మరించుకోవడం స్నానం కాదు. గంటకోసారి పిల్లల్ని బాత్రూంకి పంపాలి. మన ఇళ్లలో ఇంకోటి ఉంది, తలకు నూనె. జుట్టు పాడవకూడదని కొబ్బరినూనె దట్టించి పంపే తల్లులున్నారు. టైల్స్ మీద నీటి అంచు పొడవునా వేలితో రాసి చూడండి, జిడ్డుగా పూసుకుని ఉంటుంది. అందులో మన నూనెల వాటా చాలానే. టోపీ కింద జుట్టు తడిపి పెడితే చాలు. బాబుకు మంచి గాగుల్స్ కొనండి. పొద్దున లేచేసరికి రెప్పలు అంటుకుపోయి పుసి కారుతుంటే మాత్రం అది క్లోరిన్ మంట కాదు, కళ్లకలక. 2023 వానాకాలంలో మన దగ్గర ఊళ్లకు ఊళ్లే దాని బారిన పడ్డాయి కదా. అలాంటప్పుడు ఇంట్లోనే ఉంచాలి, తువాలు ఎవరితోనూ పంచుకోకూడదు.

కేరళ వార్త గురించి రెండు మాటలు. 2024లో అక్కడ పిల్లలు చనిపోయిన మాట నిజం. ఆ అమీబా వెచ్చని మంచినీటిలో, చెరువుల్లో ఉంటుంది. ముక్కులోంచి పైకెక్కితేనే ప్రమాదం, నీళ్లు మింగితే రాదు. జబ్బు బహు అరుదు. సరిగ్గా క్లోరిన్ ఉన్న పూల్లో అది బతకదు. అంటే ఆ వార్త చూసి పూల్ మూసేయక్కర్లేదు గానీ, క్లోరిన్ సరిగ్గా ఉందా అని అడగడానికి అదొక కారణమే.

ఇప్పుడు ఆ సాయంత్రం జరిగిన దానికొద్దాం. మీ గ్రూపు పట్టుకున్న ప్రశ్న "ఎవరి పిల్లలు?" అన్నది. పిల్లలు ఈదే ప్రతి పూల్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఇది జరుగుతుంది. అడగాల్సింది, తర్వాతి అరగంటలో పూల్ వాళ్లు ఏం చేశారని. మలం గట్టిగా ఉంటే అందరినీ బయటికి రప్పించి, దాన్ని తీసేసి, క్లోరిన్ లీటరుకు 2 మిల్లీగ్రాములకు పెంచి, కనీసం అరగంట ఎవరినీ దిగనివ్వకూడదు. తీసిన వలను కూడా శుద్ధి చేయాలి. నీళ్ల విరేచనమైతే లెక్క వేరు, అందులో క్లోరిన్‌కు సులువుగా లొంగని క్రిమి ఉండే భయం ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉంటే ఈ.కోలై బ్యాక్టీరియా నిమిషంలోపే చస్తుంది, కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఏ వైరస్‌కు పావుగంట, విరేచనాలు తెచ్చే జియార్డియా అనే పరాన్నజీవికి ముప్పావుగంట పడుతుంది. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మాత్రం అదే నీళ్లలో పది రోజులు దాటి బతుకుతుంది. దాన్ని చంపాలంటే పూల్ మూసి, క్లోరిన్ను 20 మిల్లీగ్రాములకు పెంచి దాదాపు 13 గంటలు ఉంచాలి. "క్లోరిన్ ఉంది" అన్న కోచ్ మాట చాలా క్రిముల విషయంలో నిజమే, ఆ ఐదు నిమిషాలే చాలవు.

మీరు గట్టి మలమే అని రాశారు కాబట్టి భయం తక్కువ. రెండు వారాల్లో ఆ బ్యాచ్ పిల్లలెవరికీ విరేచనాలు కాకపోతే ఆ భయం చాలావరకు తీరినట్టే. ఎవరికైనా పట్టుకుని రోజుల తరబడి తగ్గకపోతే, పూల్లో ఈదిన విషయం డాక్టరుకు చెప్పి క్రిప్టో పరీక్ష అని ప్రత్యేకంగా అడగాలి, మామూలు మల పరీక్షలో అది తప్పిపోవచ్చు. క్రిప్టో అని తేలితే విరేచనాలు ఆగాక కూడా రెండు వారాలు పూల్ వైపు వెళ్లకూడదు. మామూలు విరేచనాలకు సైతం "ఫీజు కట్టేశాం, ఇవాళ కాస్త నయంగా ఉన్నాడు" అని పంపడం పనికిరాదు. మీ బాబుకు ఈ ఒక్క నియమం, నోట్లోకి వచ్చిన నీళ్లు మింగొద్దన్న నియమం రెండూ నేర్పితే చాలా మటుకు గట్టెక్కినట్టే.

ఇక నీలం ఫోటో. పూల్ అడుగున పరిచేదే నీలం టైల్స్, నీళ్లు నీలంగా కాక ఇంకెలా కనిపిస్తాయి? పటిక వేస్తే నీళ్లు తేటపడతాయి, క్రిములు చావవు. పై నుంచి అడుగునున్న జాలీ స్పష్టంగా కనిపించాలన్నది నిజమే, కానీ అది మునిగినవాళ్లు కనబడటానికి ముఖ్యం. నీళ్ల ఆరోగ్యం కొలిస్తేనే తెలుస్తుంది.

కొలవాల్సినవి ముఖ్యంగా రెండు. మిగులు క్లోరిన్, అంటే ఇంకా పనిచేసే స్థితిలో ఉన్నది, లీటరుకు కనీసం 1 మిల్లీగ్రాము ఉండాలి. టీసీసీఏ అనే, మెల్లగా కరిగే క్లోరిన్ బిళ్లలు వాడే పూలైతే కనీసం 2. పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె, 7 నుంచి 7.8 మధ్య ఉండాలి. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం చురుగ్గా పనిచేస్తుంది, 8కి పెరిగితే నాలుగో వంతు కూడా మిగలదు. బ్లీచింగ్ పౌడర్ వేసేకొద్దీ పీహెచ్ పెరుగుతుంది. అంటే మందు గుమ్మరిస్తూనే దాని పదును తగ్గించుకోవచ్చు. పైగా మే నెల ఎండ క్లోరిన్ను గంటల్లో తినేస్తుంది. పొద్దున్నే చూసిన లెక్క సాయంత్రం పిల్లల బ్యాచ్‌కి చెల్లదు.

మీవారు చూపించిన పసుపు రంగు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. పసుపు వచ్చే చుక్కలు మొత్తం క్లోరిన్ను చూపిస్తాయి, అంటే పనికొచ్చేదాన్ని, మూత్రంతో కలిసి ఖర్చయినదాన్ని కలిపి. మిగులు క్లోరిన్ విడిగా తెలియాలంటే గులాబీ రంగు వచ్చే డీపీడీ పరీక్ష చేయాలి. ఆపరేటర్ మోసం చేశాడని అనను, అతనికి ఇచ్చిన కిట్టే అది. వీలైతే పూల్ రిజిస్టర్ తిరగేయండి. వారమంతా ఒకే అంకె, ఒకే పెన్ను, ఒకే ఒరవడి కనిపిస్తే అది కొలిచి రాసింది కాదు, ఒక్కసారే కూర్చుని నింపింది.

ఇవన్నీ తెలిశాక మీవారి దగ్గర ఎలా కదిలించాలి? మూడు దారులు కనిపిస్తున్నాయి.

మొదటిది, గ్రూపును పక్కన పెట్టి ఆయనతోనే తేల్చుకోవడం. డీపీడీ కిట్ ఒకటి తెప్పించి, సాయంత్రం బ్యాచ్ ముందు ఇద్దరూ కలిసి వెళ్లి, నీళ్లు వచ్చే గొట్టానికి దూరంగా, మోచేతి లోతు నుంచి తీసి చూడండి. "నువ్వు తప్పు చేశావు" అనే సందర్భం కాకుండా "చూద్దాం పద" అనేలా ఉంటుంది. అంకెలు సరిగ్గా వస్తే మీరు కూడా ఆ మాట నిజాయితీగా ఒప్పుకోవాలి, దానికి సిద్ధపడి వెళ్లండి. సరిగ్గా రాకపోతే మొదట తెలిసేది ఆయనకే, సరిదిద్దే అవకాశమూ ఆయనకే. ఆయన నాన్చితే ఈ దారి అక్కడే ఆగిపోతుంది, మీరు చూసి కూడా నోరు మూసుకున్నట్టవుతుంది.

రెండోది, క్లాసుకు పంపే ఐదారుగురు తల్లిదండ్రులు కలిసి కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వడం. రోజుకు రెండుసార్లు, అందులో ఒకటి సాయంత్రం బ్యాచ్ ముందు, కొలిచి గేటు దగ్గర బోర్డు మీద రాయాలని, మలం పడితే ఏం చేయాలో కోచ్‌కి కాగితం మీద ఇవ్వాలని, దిగేముందు స్నానం తప్పనిసరి చేయాలని అడగండి. ఇది మీవారికి ఇబ్బందిలా కనిపించినా నిజానికి ఆయనకు ఆసరా. మెయింటెనెన్స్ పెంచొద్దన్నది ఆయన కాదు, కమ్యూనిటీ అంతా. "నివాసులే అడుగుతున్నారు" అని చేతిలో కాగితం ఉంటే పూల్‌కి నాలుగు డబ్బులు పెంచమని మీటింగులో అడగగలరు. మీ సంతకం మొదటిది కాకుండా చూసుకోండి, ఇవ్వబోతున్నామని ముందురోజే ఇంట్లో చెప్పండి.

మూడోది, గ్రూపులో మళ్లీ రాయడం, లేదా మున్సిపాలిటీకి ఫిర్యాదు. దీంతో పూల్ వేసవంతా మూతపడవచ్చు, ఇంట్లో మాటలు కూడా మూతపడవచ్చు. పరీక్షలో క్లోరిన్ లేదని తేలాక కూడా పిల్లల్ని దింపుతూనే ఉంటే మాత్రం నేను దీనికి వెనకాడమనను. అంతవరకు మొదటిది, ఫలితం లేకపోతే రెండోది. నా మొగ్గు అటే.

ఆయన పరువు గురించి ఇంకో మాట. 2016 రియో ఒలింపిక్స్‌లో డైవింగ్ పూల్ రాత్రికి రాత్రే పచ్చబడి ప్రపంచమంతా చూసింది. ఎవరో 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశారు, అది క్లోరిన్ను విరిచేసింది. అంతటివాళ్ల దగ్గరే పొరపాటు జరిగింది, మీ కమిటీ దగ్గర జరిగితే తలవంపులేమీ లేదు. సరిదిద్దే తొందరలో ఆపరేటర్ చేత బ్లీచింగ్ పౌడర్‌ను, టీసీసీఏను కలిపించడం, క్లోరిన్ మీద యాసిడ్ పోయించడం మాత్రం చేయకండి. మొదటిది మంటలు లేపుతుంది, రెండోది విషవాయువు వదులుతుంది.

బాబును మాన్పించాలా? మాన్పిస్తే చెవి, కళ్లు సుఖపడతాయి, అత్తగారు సంతోషిస్తారు. కానీ ఏటా ఎండాకాలంలో చెరువుల్లో, క్వారీ గుంతల్లో పిల్లలు మునిగిపోతున్న రాష్ట్రాలు మనవి. ఈత వచ్చిన పిల్లాడికి ఉండే రక్షణ చిన్నది కాదు, మధ్యలో ఆపితే ఆ భయం మిగిలిపోతుంది. వేరే పూల్‌కి మార్చవచ్చు, కానీ అక్కడా ఇవే ప్రశ్నలు అడగాలి, పోను రాను ప్రయాణం అదనం. చెవి తగ్గాక, సాయంత్రం అంకెలు సరిగ్గా ఉన్న పూల్‌కి పంపడం నాకు సబబుగా తోస్తోంది. అది మీ పూలే కావచ్చు, ఇంకోటైనా కావచ్చు. అప్పటిదాకా వాడు గట్టు మీద కూర్చుని చూసినా నష్టమేమీ లేదు.

మీ స్నేహితురాలి విషయంలో నాకు మీ మీద చిన్న ఫిర్యాదుంది. పాప పేరు గ్రూపులో తిరుగుతున్నప్పుడు మీరు ఒక్క ముక్క కూడా రాసినట్టు లేదు. ఆవిడకు నొప్పి కలిగింది బహుశా మీ ప్రశ్న వల్ల కాదు, ఆ తర్వాతి మీ మౌనం వల్ల. ఎవరి పిల్లలన్నది నా ప్రశ్న కాదు, పూల్‌ని ఎలా చూసుకుంటున్నారన్నదే నా ప్రశ్న అని గ్రూపులోనే రాయండి. ఆ తర్వాత తలుపు తట్టండి. తీయకపోవచ్చు, రెండోసారి వెళ్లాల్సి రావచ్చు. తీసినరోజు డైపర్ పాఠాలు మొదలుపెట్టకండి. ఎప్పుడైనా ఆవిడే అడిగితే, స్విమ్ డైపర్ గట్టి మలాన్ని కాసేపు ఆపుతుందే గానీ మూత్రాన్నీ, విరేచనాన్నీ ఆపదని, గంటకోసారి పూల్‌కి దూరంగా తీసుకెళ్లి చూడాలని చెప్పవచ్చు.

చివరగా మీ ఈత. తప్పక నేర్చుకోండి. చేతులు, మోకాళ్ల దాకా కప్పే నైలాన్ ఈత దుస్తులు ఇప్పుడు మామూలు దుకాణాల్లోనే దొరుకుతున్నాయి, మొహమాటపడక్కర్లేదు. కాటన్ చుడీదార్‌తో మాత్రం దిగకండి. నీళ్లు పీల్చుకుని బరువెక్కి నేర్చుకునేవాళ్లను కిందికి లాగుతుంది, దాని నూలుపోగులు ఫిల్టర్లో ఇరుక్కుంటాయి. చున్నీ ఇంకా ప్రమాదం. నెలసరి రోజుల్లో టాంపన్ గానీ కప్పు గానీ వాడితే దిగవచ్చు, ప్యాడ్ నీళ్లలో పనికిరాదు. గట్టు మీద, బాత్రూంలో మీ చెప్పులు మీవే వేసుకోండి, కాలి వేళ్ల మధ్య ఫంగస్ పట్టేది ఎక్కువగా అక్కడే. కాంటాక్ట్ లెన్సులు వాడుతుంటే తీసేసి దిగండి, పవర్ ఉన్న గాగుల్స్ దొరుకుతాయి.